చంద్రపూర్ రైతు రక్తంలో లేనిదేమిటి?

ఒకే ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఏళ్ల తరబడి షుగరు, బీపీ. వెళ్లేది ఒకే డాక్టరు దగ్గరికి, వేసుకునేవి ఇంచుమించు అవే మాత్రలు. పెద్దాయన డెబ్బై దాటినా పొలం గట్ల మీద తిరుగుతూనే ఉంటాడు. చిన్నాయనకు మాత్రం యాభై అయిదు నిండకుండానే క్రియాటినిన్ ఆరు దాటి, వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలవుతుంది. ఇలాంటి ఇల్లు మీకూ ఒకటి తెలిసే ఉంటుంది. తిండి దగ్గర కట్టడి లేదని కొందరు, నొప్పి మాత్రలు ఎడాపెడా మింగాడని కొందరు, రాత అని మిగతావాళ్లు అంటారు. మొదటి రెండింటిలో నిజం లేకపోలేదు. అయితే తిండీ మందులూ సరిసమానంగా ఉన్నచోట కూడా ఈ తేడా కనబడుతోందే, దానికేం చెప్పాలి?

కిడ్నీ జబ్బులన్నిటికీ కలిపి ఒకే జవాబు లేదు. కానీ ఒక జబ్బు విషయంలో మాత్రం కారణం దాదాపు అడుగు దాకా తేలింది. పుట్టుకతో వచ్చిన ఒక జన్యు మార్పు, ఆ తర్వాత ఎప్పుడో ఒంట్లో రేగే ఇన్‌ఫ్లమేషన్, ఈ రెండూ కలిసినప్పుడే కిడ్నీ దెబ్బతినే తీరు అందులో స్పష్టంగా కనబడుతుంది. అమెరికాలో మొదలై, ఆఫ్రికా మీదుగా నడిచే ఈ కథలో ఒక ముఖ్యమైన సాక్షి మనకు పొరుగువాడు. తెలంగాణ పొలిమేర దాటితే వచ్చే మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని ఒక రైతు.

## బీపీ మీద పడ్డ నింద

అమెరికాలో తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతివాళ్లలో కిడ్నీలు పూర్తిగా పాడయ్యేవాళ్లు మూడు నాలుగు రెట్లు ఎక్కువ. బీపీ అదుపులో ఉంచుకోకపోవడం వల్లే ఇలా జరుగుతోందని డాక్టర్లు దశాబ్దాల పాటు చెబుతూ వచ్చారు. పేదరికం, బీమా లేకపోవడం, ఆసుపత్రికి ఆలస్యంగా రావడం కూడా కారణాలన్నారు. అవన్నీ నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ లెక్క పూర్తిగా కుదరలేదు. బీపీని గట్టిగా అదుపులో పెట్టి, ఏళ్ల తరబడి గమనించినవాళ్లలోనూ చాలామందికి కిడ్నీలు క్షీణిస్తూనే పోయాయి.

జన్యువుల వైపు చూసినవాళ్లు ఒక తెలివైన దారి పట్టారు. ఆఫ్రికన్ అమెరికన్ల జన్యుపటంలో కొన్ని ముక్కలు ఆఫ్రికా పూర్వీకుల నుంచి, కొన్ని యూరప్ పూర్వీకుల నుంచి వచ్చి ఉంటాయి. కిడ్నీ రోగులందరినీ పక్కపక్కన పెట్టి, ఏ ముక్క దగ్గర ఆఫ్రికా వాటా మామూలు కంటే ఎక్కువగా ఉందో వెతికారు. 22వ క్రోమోజోములో ఒకచోట అది కొట్టొచ్చినట్టు కనబడింది. 2008లో ఆ చోట ఉన్న ఎంవైహెచ్9 అనే జన్యువును దోషిగా ప్రకటించారు. రెండేళ్లకే ఆ తీర్పు మారిపోయింది. అసలు దోషి దాని పక్కనే ఉన్న ఎపోల్-1 అని 2010లో బోస్టన్‌లో మార్టిన్ పొలాక్, డేవిడ్ ఫ్రీడ్‌మన్‌ల బృందం, ఇజ్రాయెల్‌లో కార్ల్ స్కొరెకి బృందం విడివిడిగా తేల్చాయి.

ఈ జన్యువులో రెండు రకాల మార్పులు కనబడ్డాయి. ఒకదానికి జీ1, రెండోదానికి జీ2 అని పేరు పెట్టారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, అలా రెండు ప్రతులూ మార్పు ఉన్నవే వస్తే కిడ్నీకి గండం. అమెరికా నల్లజాతివాళ్లలో అలాంటివాళ్లు నూటికి 13 మంది దాకా ఉన్నారు. 2013లో, బీపీ ఉన్న రోగుల మీద జరిగిన పాత అధ్యయనాన్ని ఈ కళ్లతో మళ్లీ చూశారు. రెండు ప్రతులూ మారినవాళ్లలో 58 శాతం మందికి కిడ్నీ జబ్బు ముదిరింది, మిగతావాళ్లలో 37 శాతం మందికే. బీపీ ఎంత బాగా అదుపులో ఉన్నా ఈ తేడా చెరగలేదు. చాలామందిలో బీపీ కిడ్నీని పాడుచేయలేదు, పాడవుతున్న కిడ్నీయే బీపీని పెంచింది. మాత్రలు సరిగ్గా వేసుకోలేదని అన్నేళ్లు మాటలు పడ్డ రోగులకు డాక్టర్లు ఒక క్షమాపణ బాకీ ఉన్నారని నాకనిపిస్తుంది.

> వడపోత ఎలా జరుగుతుంది?
> ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతిదాని మొదట్లో సన్నని రక్తనాళాల ఉండ ఒకటి. ఆ నాళాలను పోడోసైట్లు అనే కణాలు పొడుగాటి కాళ్లతో చుట్టుకుని ఉంటాయి. ఆ కాళ్ల మధ్య మిగిలిన సన్నటి సందుల్లోంచి నీరు, లవణాలు, వ్యర్థాలు జారిపోతాయి. ఆల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు రక్తంలోనే ఆగిపోతాయి. ఇలా రెండు కిడ్నీలూ కలిసి రోజుకు 180 లీటర్లు వడకట్టి, కిందనున్న గొట్టాల్లో దాదాపు అంతా వెనక్కి పీల్చుకుని, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదులుతాయి. పోడోసైట్ ఒకటి రాలిపోతే దాని స్థానంలో కొత్తది పుట్టడం దాదాపు ఉండదు. అక్కడ సందు పెద్దదై ప్రొటీన్ కారుతుంది, ఆ తర్వాత మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన నెఫ్రాన్ మళ్లీ పనిచేయదు.

## ఈగ మీద గెలుపు

ఇంత హాని చేసే మార్పు అంతమందిలో ఎలా నిలిచిపోయింది? హాని చేసేది తరతరాలకూ తగ్గిపోవాలి కదా. పశ్చిమాఫ్రికాలో కొన్ని జనసమూహాల్లో ఇది తగ్గలేదు సరికదా, గత 10 వేల ఏళ్లలోపే పుట్టి వేగంగా వ్యాపించింది. అంటే ఏదో గట్టి మేలు చేసి ఉండాలి.

ఆ మేలు సెట్సీ ఈగకు సంబంధించింది. ఈ ఈగ కుడితే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి రక్తంలోకి చేరుతుంది. చివరికి అది మెదడుకెక్కి, పగలు నిద్ర, రాత్రి మెలకువ, మతిభ్రమణం, మరణం. దీన్నే నిద్రజబ్బు అంటారు. పశువులను చంపే ట్రిపనోసోమాలు చాలావరకు మనుషులను ఏమీ చేయలేవు. కారణం ఎపోల్-1 ప్రొటీనే అని 2003లో బెల్జియంలో ఎటియెన్ పేస్ బృందం కనిపెట్టింది. లివర్ తయారుచేసిన ఈ ప్రొటీన్, మనం మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ రేణువులనెక్కి రక్తంలో తిరుగుతుంది. పరాన్నజీవి ఆ రేణువును ఆహారమనుకుని మింగుతుంది. లోపల దాని జీర్ణసంచిలో పులుపు తగలగానే ఎపోల్-1 ఆ సంచి గోడలోకి దూరి రంధ్రం చేస్తుంది. లవణాలు, వాటి వెంట నీరు లోపలికి జొరబడి సంచి ఉబ్బి పగులుతుంది. పరాన్నజీవి చస్తుంది.

తూర్పు ఆఫ్రికాలోని ఒక ట్రిపనోసోమా దీనికి విరుగుడు కనిపెట్టింది. ఎపోల్-1ను పట్టి కట్టేసే ప్రొటీన్ ఒకటి తయారుచేసుకుంది. అప్పుడు మనుషుల్లో పుట్టినవే జీ1, జీ2. ముఖ్యంగా జీ2 ఆ పట్టుకు చిక్కదు. ఒక్క ప్రతి మారినా రక్షణ దొరుకుతుంది, కిడ్నీ గండం ప్రధానంగా రెండు ప్రతులున్నవాళ్లకు. సికిల్ సెల్ జబ్బు ఉన్న మన ఏజెన్సీ ప్రాంతాలవాళ్లకు ఈ లెక్క కొత్త కాదు: అక్కడా ఒక్క ప్రతి మలేరియా నుంచి కాపాడుతుంది, రెండు ప్రతులు ప్రాణం మీదికి తెస్తాయి.

కథ ఇంత నున్నగా లేదని కూడా చెప్పాలి. ఈ మార్పులు ఎక్కువగా ఉన్నది పశ్చిమాఫ్రికాలో. అక్కడి నిద్రజబ్బు వేరే రకం పరాన్నజీవి వల్ల వస్తుంది. 2017లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఆ రకం విషయంలో జీ1 ఉన్నవాళ్లకు లక్షణాలు బయటపడకుండా ఉండే అవకాశం ఎక్కువ, జీ2 ఉన్నవాళ్లకు మాత్రం జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ. ఒకే జన్యువులోని రెండు మార్పులు రెండు శత్రువుల దగ్గర రెండు రకాలుగా పనిచేస్తున్నాయి.

## చంద్రపూర్ సాక్ష్యం

మన పశువులకూ ట్రిపనోసోమా జబ్బు ఉంది. జోరీగలు మోసుకొచ్చే సర్రా. గేదెలు, గుర్రాలు, ఒంటెలు చిక్కి చచ్చిపోతాయి, మనుషులకు మాత్రం అంటదని నమ్మకం. 2004లో చంద్రపూర్ జిల్లాలో ఒక నడివయసు రైతుకు జ్వరం తగ్గుతూ మళ్లీ వస్తూ వదలకుండా పట్టుకుంది. రక్తపు చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే తోక ఆడిస్తూ ఈదుతున్న ట్రిపనోసోమాలు కనబడ్డాయి. పరీక్షల్లో అది సర్రా పరాన్నజీవే అని తేలింది. సురామిన్ అనే పాత మందుతో ఆయన కోలుకున్నాడు.

మనిషికి అంటనిది ఈయనకెలా అంటింది? రక్తాన్ని బెల్జియం బృందం పరీక్షించి 2006లో జవాబు చెప్పింది. ఈయన రక్తంలో ఎపోల్-1 ప్రొటీన్ ఒక్క పిసరు కూడా లేదు. జన్యువు రెండు ప్రతులూ పనికిరాకుండా పోయాయి. బయట తయారుచేసిన ఎపోల్-1ను ఆయన సీరంలో కలిపితే, ఆ సీరం మళ్లీ పరాన్నజీవిని చంపగలిగింది.

ఎపోల్-1కూ కిడ్నీకీ లంకె ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు. 2010 తర్వాత ఈ రైతు కేసు హఠాత్తుగా కీలకమైపోయింది. మార్పు చెందిన ఎపోల్-1 వల్ల కిడ్నీ పాడవడానికి రెండు దారులున్నాయి. ఆ ప్రొటీన్ చేయాల్సిన మంచి పని ఏదో ఆగిపోయి ఉండాలి, లేదా అది కొత్తగా చెడ్డపని మొదలుపెట్టి ఉండాలి. మొదటిదే నిజమైతే, ప్రొటీన్ బొత్తిగా లేని చంద్రపూర్ రైతు కిడ్నీలు అందరికంటే ముందు పాడవ్వాలి. ఆయన కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి. కాబట్టి రెండోదే నిజం. కిడ్నీకి ఎపోల్-1తో అవసరం లేదు. మారిన ఎపోల్-1 అక్కడ విషంగా పనిచేస్తోంది. వైద్యానికి ఇదెంత పెద్ద మాటో చూడండి: ఆ ప్రొటీన్‌ను మందుతో అడ్డుకున్నా కిడ్నీకి నష్టం లేదన్నమాట. మన దగ్గర సర్రా సోకిన ఒక్క మనిషి వల్ల, ఎక్కడో అమెరికాలో మందు కనిపెట్టేవాళ్లకు ధైర్యం వచ్చింది.

ఇంకో ఆధారం కిడ్నీ మార్పిడి నుంచి వచ్చింది. రెండు ప్రతులూ మారిన దాత కిడ్నీని వేరొకరికి అమర్చితే అది తొందరగా పాడవుతోంది. రక్తంలో తిరిగే ఎపోల్-1 ఇప్పుడు పుచ్చుకున్నవాళ్లదే, అయినా పాడవుతోంది. అంటే చెడు చేసేది లివర్ నుంచి వచ్చిన ప్రొటీన్ కాదు, పోడోసైట్ తనకు తాను తయారుచేసుకున్నదే. పరాన్నజీవి సంచికి రంధ్రం చేసిన పనిముట్టే సొంత కణపు పొరకూ రంధ్రం చేస్తుంది. పొటాషియం బయటికి, సోడియం లోపలికి. కణం అలసిపోతుంది, కాళ్లు ముడుచుకుంటుంది, ఊడి మూత్రంలో కొట్టుకుపోతుంది.

## తీగలోకి కరెంటు ఎప్పుడొస్తుంది?

అయితే రెండు ప్రతులూ మారినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. అయిదుగురిలో ఒకరికి మించి జబ్బు రాదని లెక్క. మిగతా నలుగురిని కాపాడుతున్నదేమిటి? ఇన్‌ఫ్లమేషన్ ఇక్కడే కథలోకి వస్తుంది.

అడవిపందుల బెడద ఉన్న ఊళ్లలో కొందరు రైతులు చట్టానికి విరుద్ధమని తెలిసీ చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. పగలు అది ఉత్త తీగ, పిల్లలు దాటుకుపోయినా ఏమీ కాదు. రాత్రి స్విచ్ వేశాక అదే తీగ పందినీ చంపుతుంది, చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన సొంతదారునూ చంపుతుంది. జీ1, జీ2 తీగ మాత్రమే. స్విచ్ వేసేది ఇంటర్‌ఫెరాన్.

వైరస్ సోకిన కణం చుట్టుపక్కల కణాలను హెచ్చరించడానికి వదిలే సంకేతమే ఇంటర్‌ఫెరాన్. జ్వరంలో ఒళ్లునొప్పులకు చాలావరకు ఇలాంటి సంకేతాలే కారణం. అది అందగానే కణంలో వందల జన్యువులు ఒక్కసారి పనిలోకి దిగుతాయి. అందులో ఎపోల్-1 ఒకటి. శత్రువు వచ్చినప్పుడు ఆయుధాలు పెంచుకోవడం సబబే మరి. ల్యాబులో కణాల మీద ఇంటర్‌ఫెరాన్ వేస్తే కొన్ని ప్రయోగాల్లో ఎపోల్-1 తయారీ 200 రెట్ల దాకా పెరిగింది. మామూలు ఎపోల్-1 అయితే ఆ పెరుగుదలను పోడోసైట్ తట్టుకుంటుంది, జీ1, జీ2 అయితే తట్టుకోలేదు.

మనుషుల్లో దీనికి ఆధారాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. హెపటైటిస్-సి లాంటి జబ్బులకు ఇంటర్‌ఫెరాన్‌నే ఇంజెక్షన్‌గా ఇచ్చే రోజుల్లో, కొందరు నల్లజాతి రోగులకు వడపోత ఉండలు కుప్పకూలిపోయాయి. తర్వాత వాళ్లలో ఏడుగురి జన్యువులు చూస్తే ఏడుగురికీ రెండు ప్రతులూ మారినవే. హెచ్ఐవీ సంగతి ఇంకా స్పష్టం. మందులు వాడని హెచ్ఐవీ రోగికి ఈ రెండు ప్రతులూ ఉంటే, దాదాపు సగం మందికి ఒక ప్రత్యేకమైన కిడ్నీ జబ్బు వస్తుంది. ఆఫ్రికాలోనే ఉన్న ఇథియోపియాలో హెచ్ఐవీ ఉంది కానీ ఆ కిడ్నీ జబ్బు కనబడలేదు. అక్కడివాళ్లలో జీ1, జీ2 దాదాపు లేవు. 2020లో కోవిడ్ వచ్చాక మళ్లీ అదే దృశ్యం. కిడ్నీ ముక్క తీసి చూస్తే చాలామందిలో వైరస్ ఛాయ కూడా లేదు, ఉన్నదల్లా ఒళ్లంతా రేగిన ఇన్‌ఫ్లమేషన్.

రెండు ప్రతులుంటేనే గండం అన్న మాటను మాత్రం ఈ మధ్య కొంచెం సవరించాల్సి వచ్చింది. ఘనా, నైజీరియాల్లో 8 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, ఒక్క ప్రతి ఉన్నవాళ్లకు కూడా కిడ్నీ జబ్బు అవకాశం 18 శాతం ఎక్కువని తేలింది. జన్యువు లోపలే రక్షణ కూడా ఉండొచ్చు: ఎన్264కె అనే ఇంకో చిన్న మార్పు జీ2తో పాటు ఉంటే, ఆ తీగ ఉన్నా షాకు కొట్టదు.

## మరి షుగరు అన్నదమ్ములు?

ఎపోల్-1 అంత బలంగా దెబ్బకొట్టే మార్పు మరోచోట కనబడటం అరుదు. 2019లో 10 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని జల్లిస్తే, కిడ్నీ పనితనంతో ముడిపడ్డ చోట్లు 264 కనబడ్డాయి. ఒక్కోదాని ప్రభావం చాలా స్వల్పం. చాలామటుకు అవి కలిసి, మెల్లగా, ఒకవైపుకు మొగ్గేలా చేస్తాయి అంతే.

షుగరు రోగుల్లో ఎవరి కిడ్నీ పోతుందో ముందే చెప్పగలిగే సంకేతాల కోసం బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ వాళ్లు ఏళ్ల తరబడి రక్తం నమూనాలు దాచి చూశారు. 2019లో వాళ్లు పట్టుకున్న 17 ప్రొటీన్లూ ఇన్‌ఫ్లమేషన్‌కు సంబంధించినవే. రక్తంలో అవి ఎక్కువగా ఉన్నవాళ్లకు, ఆ తర్వాతి పదేళ్లలో డయాలసిస్ దాకా వెళ్లే ముప్పు బాగా ఎక్కువ. అంటే షుగరు ఇద్దరికీ ఒకటే అయినా, దానికి ఒంట్లో లేచే మంట ఒకటి కాదు. అందులో కొంత వాటా జన్యువులది, మిగతాది తిండిది, పొగాకుది, చిగుళ్ల జబ్బులది, ఊబకాయానిది.

తూర్పు ఆసియాలో ఎక్కువగా కనబడే ఐజీఏ నెఫ్రోపతీ అనే కిడ్నీ జబ్బు వైపు చూసినా అదే లెక్క కనబడుతుంది. ఆ జబ్బుకు దారితీసే మార్పుల్లో చాలావరకు పేగులోని రోగనిరోధక శక్తికి సంబంధించినవి. పేగుల్లో పురుగుల రకాలు ఎంత ఎక్కువున్న ప్రాంతమైతే ఆ మార్పులు అక్కడ అంత ఎక్కువగా ఉన్నాయని 2014లో తేలింది. పురుగుల మీద పూర్వం గెలిపించిన చురుకుదనమే ఇప్పుడు కిడ్నీలో పేచీ పెడుతోంది.

## తీగ తెంపడమా, స్విచ్ ఆపడమా?

రెండు దారుల్లోనూ మందులు వస్తున్నాయి. ఎపోల్-1 చేసే రంధ్రాన్ని మూసేసే మాత్ర ఇనాక్సాప్లిన్. 2023లో వెలువడిన తొలి ఫలితాల్లో, రెండు ప్రతులూ మారి మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతున్న 13 మందికి 13 వారాలు ఇస్తే, ఆ ప్రొటీన్ సగటున 47.6 శాతం తగ్గింది. పదముగ్గురంటే చిన్న గుంపు, పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు కూడా లేరు. అందుకే పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. రెండో దారి ఇంటర్‌ఫెరాన్ సంకేతం కణం లోపలికి చేరకుండా ఆపడం. కీళ్లవాతానికి వాడే బారిసిటినిబ్‌ను అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు ఇందుకు పరీక్షిస్తున్నారు. ఇందులో చిక్కుంది: ఆ సంకేతాన్ని ఆపితే వైరస్‌లకు కూడా తలుపు తీసినట్టే.

జాతి వేరు, జన్యువు వేరు అన్న ఎరుక కూడా ఇదే సమయంలో పెరిగింది. రక్త పరీక్షలో కిడ్నీ పనితనాన్ని లెక్కగట్టే సూత్రంలో నల్లజాతివాళ్లకు అదనంగా మార్కులు కలిపే పద్ధతి ఒకటుండేది. దాంతో కిడ్నీ పాడైనా కాగితం మీద బాగున్నట్టు కనబడి, మార్పిడి జాబితాలో వాళ్ల పేరు ఆలస్యంగా ఎక్కేది. 2021లో ఆ సవరణను తీసేశారు.

## ఉద్దానానికి ఇది వర్తిస్తుందా?

తెలుగు పాఠకులకు కిడ్నీ అనగానే గుర్తొచ్చే పేరు ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి తోటల మధ్య, షుగరూ బీపీ లేని రైతులూ కూలీలూ నడివయసులోనే డయాలసిస్‌కు వెళ్తున్న ఊళ్లు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇలాంటిదే ఉంది. అనుమానితుల జాబితాలో ఎండ దెబ్బ, నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, జన్యువులు అన్నీ ఉన్నాయి, తీర్పు రాలేదు.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పొచ్చు. అక్కడి కారణం ఎపోల్-1 కాదు. జీ1, జీ2 ఆఫ్రికా మూలాలున్నవాళ్లకే పరిమితం. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో స్థిరపడ్డ, ఆఫ్రికా మూలాలున్న సిద్దీల వారసుల గురించి ఆలోచించవచ్చేమో కానీ, కవిటి కొబ్బరి రైతుకు ఆ పరీక్ష చేయించి లాభం లేదు. దెబ్బ తగిలే చోటు కూడా వేరు. ఎపోల్-1 వడపోత ఉండను కొడుతుంది, అందుకే ప్రొటీన్ కారడం మొదట్లోనే బయటపడుతుంది. ఉద్దానం జబ్బు ఎక్కువగా దాని కిందనున్న గొట్టాల చుట్టూ మొదలవుతుంది. అక్కడ వాపు రేగి, మచ్చ కట్టి, నెఫ్రాన్లు మూగగా పోతుంటాయి. వడపోత బాగానే ఉంటుంది కాబట్టి మూత్రంలో ప్రొటీన్ చాలాకాలం కనబడదు, కనబడినా కొద్దిగానే.

మూత్రంలో స్ట్రిప్ ముంచి రంగు మారలేదని ఇంటికి పంపేసే పద్ధతి అందుకే ఆ ఊళ్లలో పనికిరాదు. రక్తం తీసి క్రియాటినిన్ చూడాలి, మూడు నెలలు ఆగి మళ్లీ చూడాలి. రెండుసార్లూ పనితనం తక్కువగానే ఉంటే అప్పుడు దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు కింద లెక్కిస్తారు.